బెజ్జానికి ఎంత పడింది?

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ పనిముట్ల దుకాణం ముందైనా పావుగంట నిలబడి వినండి. వచ్చినవాడు వచ్చినట్టే "సేట్, పది ఎం.ఎం. బిట్టు ఎంత?" అంటాడు. ధర చెప్పగానే "ఇంకా తక్కువలో లేదా?" అంటాడు. సేట్ కింది అరలోంచి బంగారు రంగులో మెరిసే బిట్టు తీసి గల్లా మీద పెడతాడు. బేరం అయిపోతుంది. దేనికి బెజ్జం వేస్తావని సేట్ అడగడు, ఏ ఉక్కుతో చేశారని కొనేవాడు అడగడు.

నేను బాలానగర్‌లో చిన్న జాబ్ వర్క్ షెడ్డు నడుపుతాను. బేస్ ప్లేట్లు, బ్రాకెట్లు, కన్వేయర్ ఫ్రేములు మా పని. ప్లేటు కోయడం ఒక పూట అయితే దానికి బెజ్జాలు వేయడం రెండు పూటలు. అందుకే ఈ బేరం వినబడినప్పుడల్లా నాకు మధ్యలో దూరి ఒక మాట చెప్పాలనిపిస్తుంది. బిట్టు ఎంతకు వచ్చిందో మనకు బాగా గుర్తుంటుంది. ఆ బిట్టుతో వేసిన ఒక్కో బెజ్జానికి ఎంత పడిందో మాత్రం ఎవరూ లెక్క రాయరు. షెడ్డు యజమానులు రాయరు, ఐటీఐలకు సామాను కొనే అధికారులు అసలే రాయరు. ఆ లెక్క లేకపోవడం వల్లే నాసిరకం బిట్లు రాజ్యమేలుతున్నాయి, మొద్దుబారిన బిట్టుకు పదును పెట్టే విద్య కూడా మెల్లగా కనుమరుగవుతోంది.

ఆ లెక్క ఎలా ఉంటుందో చూడండి. పది ఎం.ఎం. మామూలు బిట్టు పొడవు డిన్ 338 అనే జర్మన్ ప్రమాణం ప్రకారం 133 మిల్లీమీటర్లు. అందులో మెలి తిరిగిన గాడి ఉన్న భాగం 87. ఒకసారి సాన పెడితే అర మిల్లీమీటరు పోతుంది, బాగా దెబ్బతింటే ఒక మిల్లీమీటరు. చిప్స్ పైకి రావడానికి గాడి కొంత మిగలాలి కాబట్టి సగమే వాడుకున్నా, ఆ బిట్టుకు నలభైసార్లకు పైగా పదును పెట్టొచ్చు. అంటే మంచి బిట్టు కొన్నవాడు ఒక బిట్టు కొనలేదు, నలభై కొత్త కొనలు కొన్నాడు. పేరున్న కంపెనీ బిట్టు పేరులేని దానికన్నా మూడు నాలుగు రెట్లు పలకొచ్చు. పేరులేనిది నాలుగు బెజ్జాలకే కొన కాలి నీలమెక్కితే, సాన పెట్టినా లోపల ఉక్కు అదే కాబట్టి మళ్లీ అదే కథ. ఇందులో ఏది చవకో చెప్పడానికి కాలిక్యులేటర్ అక్కర్లేదు.

ఉక్కు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసం జరిగేది అక్కడే. మెలికల బిట్టుకు అమెరికాలో స్టీఫెన్ మోర్స్ 1863లో పేటెంటు తీసుకున్నాడు. లావు బిట్ల కాడకు ఉండే ఏటవాలును ఇవాళ్టికీ మన షెడ్లలో మోర్స్ టేపర్ అనే పిలుస్తాం. అప్పటి బిట్లు మామూలు కార్బన్ ఉక్కువి. 200 డిగ్రీలు దాటితే వాటి కరుకుదనం తగ్గడం మొదలవుతుంది. 1900 పారిస్ ప్రదర్శనలో టేలర్, వైట్ అనే ఇద్దరి పద్ధతిలో తయారైన పనిముట్లు అంచు ఎర్రబడ్డా ఉక్కును కోస్తుంటే చూసినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. అదే హైస్పీడ్ స్టీల్, మన భాషలో హెచ్‌ఎస్‌ఎస్. ఇవాళ ఎక్కువగా వాడే ఎం2 రకంలో టంగ్‌స్టన్ 6 శాతం, మాలిబ్డినం 5, క్రోమియం 4, వెనేడియం 2 శాతం చొప్పున ఉంటాయి. సుమారు 600 డిగ్రీల దాకా పదును నిలబడుతుంది. ఈ లోహాలన్నీ ఖరీదైనవే. పదమూడు బిట్ల సెట్టు మొత్తం ఒక మంచి బిట్టు ధరకే వస్తోందంటే అందులో టంగ్‌స్టన్ ఏ మాత్రం ఉంటుందో మీరే ఆలోచించండి.

బిట్టు మీద హెచ్‌ఎస్‌ఎస్ అని చెక్కి ఉంటే నమ్మేయడమేనా? మా షెడ్డులో పెద్ద ఫిట్టర్ ఉన్నాడు, అందరం మాస్టర్ అని పిలుస్తాం. కొత్తరకం బిట్టు వస్తే ఆయన ముందు దాన్ని తిరగేసి పట్టుకుని, కాడ చివరను గ్రైండింగ్ రాయికి ఒక్కసారి అలా తాకిస్తాడు. కాడ చివర కాబట్టి కొనకేమీ కాదు. నిప్పురవ్వలు తెల్లగా, పసుపుగా, కాకరపువ్వొత్తిలా చిటపటమని కొమ్మలు చీలితే అది ఉత్త కార్బన్ ఉక్కు. అసలు హెచ్‌ఎస్‌ఎస్ అయితే రవ్వలు తక్కువ, ఎర్రగా మందంగా గీతల్లా వచ్చి ఎక్కడా పెద్దగా పేలకుండానే ఆరిపోతాయి. ఒకసారి ఓ బంగారు రంగు బిట్టును ఇలాగే తాకించి, నా వైపు తిరిగి, "రంగుకే పైసలు కట్టిండ్రు సార్" అన్నాడు. కొన్ని కంపెనీలు కాడను వేరే ఉక్కుతో చేసి అతికిస్తాయి, ముఖ్యంగా లావు సైజుల్లో. అందుకని అనుమానం ఉంటే గాడి మొదట్లో కూడా ఒక చుక్క తాకించి చూడటం మంచిది.

బంగారు రంగు పూతను నేను తిట్టడం లేదు. అసలైన టైటానియం నైట్రైడ్ పూత మంచిదే. గాలి తీసేసిన పెట్టెలో, సుమారు 450 డిగ్రీల వేడిలో, రెండు మూడు మైక్రాన్ల మందాన ఎక్కిస్తారు. చాలా గట్టిది, చిప్స్ అతుక్కోనివ్వదు. సాన పెట్టాక కొన మీద పూత పోయినా గాడిలో మిగిలి పనికొస్తూనే ఉంటుంది. కానీ పూత ఎంత బంగారమైనా కింద ఉన్న ఉక్కు పనికిమాలినదైతే లాభం లేదు. నల్లగా ఉండే బిట్టును చూసి జనం చిన్నచూపు చూస్తారు. ఆ నలుపు ఆవిరితో పట్టించిన ఆక్సైడు, నూనెను పట్టి ఉంచుతుంది, తుప్పును కొంత ఆపుతుంది. మా షెడ్డులో రోజువారీ పనికి ఆడిసన్, టోటెమ్, మిరాండా లాంటి మన దేశపు పాత పేర్లవే వాడతాం. మాకు చాలు.

కోబాల్ట్ గురించి కూడా పెద్ద భ్రమ ఉంది. కోబాల్ట్ పూత కాదు, ఉక్కులోనే కలుస్తుంది. ఎం35లో 5 శాతం, ఎం42లో 8 శాతం. ఎక్కువ వేడికి తట్టుకుంటుంది, స్టెయిన్‌లెస్ స్టీలుకు దాన్ని మించింది లేదు. అయితే పెళుసు. పిల్లర్ డ్రిల్లులో జాబ్‌ను వైస్‌లో బిగించి వాడితే ప్రాణం పెడుతుంది, చేతి డ్రిల్లుకు తగిలించి నిచ్చెన మీద నిలబడి వాడితే చెయ్యి కొంచెం ఒరగ్గానే టప్పున విరుగుతుంది. చేతి డ్రిల్లుకు నా ఓటు మామూలు ఎం2 బిట్టుకే, అదీ 135 డిగ్రీల కొనతో, నడిమి అంచు చీల్చి ఉన్న రకానికి. పంచ్ దెబ్బ సరిగా పడకపోయినా అది ప్లేటు మీద జారిపోదు. 118 డిగ్రీల మామూలు కొన పిల్లర్ డ్రిల్లుకు సరిపోతుంది, సాన పెట్టడమూ తేలిక. పూర్తి కార్బైడ్ బిట్లు సీఎన్‌సీ మిషన్ల సరుకు. చేతి డ్రిల్లులో పెట్టడం డబ్బులు విరగ్గొట్టుకోవడమే.

ఇక మంచి బిట్టును కూడా ఒక్క పూటలో చంపేసేది వేగం. అపార్ట్‌మెంట్ల బాల్కనీలకు స్టెయిన్‌లెస్ రెయిలింగులు బిగించే కుర్రాళ్లను చూడండి. చేతి డ్రిల్లు నిమిషానికి 2600 చుట్లు తిరుగుతుంది. ఎనిమిది ఎం.ఎం. బిట్టు దానికి పెడితే అంచు వేగం నిమిషానికి 65 మీటర్లు. స్టెయిన్‌లెస్‌కు హెచ్‌ఎస్‌ఎస్ బిట్టు ఓర్చుకునేది 10 మీటర్లు, మహా అయితే 15. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి, పైనుంచి మాత్రం మెత్తగా ఆనిస్తారు. కీచుమని శబ్దం, పొగ. బిట్టు కోయదు, రుద్దుతుంది. స్టెయిన్‌లెస్‌కు ఒక గుణం ఉంది, రుద్దినకొద్దీ ఆ చోటు ఇంకా గట్టిపడుతుంది. అప్పుడు కొత్త బిట్టు వేసినా అది ఆ గట్టిపడిన చోటే మొదలుపెట్టాలి కాబట్టి దాని కొన కూడా పోతుంది. మా దగ్గర కొత్తగా చేరిన ఓ కుర్రాడు ఇలాగే వచ్చి, "మాస్టర్, బిట్టు పోయింది, ఇంకోటి ఇయ్యుండ్రి" అన్నాడు. మాస్టర్ ఆ కొనను వేలితో తడిమి, "బిట్టు పోలేదురా, నువ్వు పోగొట్టినవ్. మెల్లగ తిప్పు, గట్టిగ ఒత్తు, మధ్యల ఆపకు" అన్నాడు. స్టెయిన్‌లెస్ గురించి పుస్తకమంతా ఆ మూడు ముక్కల్లో ఉంది. చుక్కలు చుక్కలుగా కటింగ్ ఆయిల్ పోస్తూ ఉంటే ఇంకా మంచిది.

వేగం లెక్కకు షెడ్డు గోడ మీద రాసుకోదగ్గ కిటుకు ఒకటుంది. మీటర్లలో వేగాన్ని 318తో గుణించి బిట్టు సైజుతో భాగిస్తే చుట్ల సంఖ్య వస్తుంది. మైల్డ్ స్టీలుకు 25 మీటర్లు అనుకుంటే ఎనిమిది ఎం.ఎం. బిట్టుకు దాదాపు 1000 చుట్లు, అదే బిట్టు స్టెయిన్‌లెస్ మీదైతే 400. పిల్లర్ డ్రిల్లులో మెట్ల పుల్లీ పెట్టింది ఇందుకే. కానీ ఏ షెడ్డుకైనా వెళ్లి పైన మూత ఎత్తి చూడండి. బెల్టు నడిమి మెట్టు మీద ఏళ్ల తరబడి కదలకుండా ఉంటుంది, మిగతా మెట్ల మీద దుమ్ము, గ్రీజు కలిసి పేరుకుపోయి ఉంటాయి. ఐదు ఎం.ఎం. బిట్టుకూ అదే వేగం, ఇరవై ఎం.ఎం. బిట్టుకూ అదే వేగం. బెల్టు మార్చడానికి పట్టేది రెండు నిమిషాలు.

కూలెంట్ సంగతి క్లుప్తంగా చెప్తాను. ఉక్కుకు నీళ్లలో కలిపిన సొల్యుబుల్ ఆయిల్, అల్యూమినియానికి కిరోసిన్, పోత ఇనుముకు ఏమీ వద్దు. అంతే.

సాన పెట్టడం మాత్రం క్లుప్తంగా తెమిలే పని కాదు. రాయి మీద గీతలు, గుంటలు పడి ఉంటే ముందు డ్రెస్సర్‌తో సమం చేయాలి. బిట్టును ఎడమచేతి చూపుడువేలి మీద ఆనించి, రాయి ముఖానికి 59 డిగ్రీల ఏటవాలుగా పట్టాలి. రెండువైపులా కలిస్తే 118 అవుతుంది. కోత అంచు నేలకు సమాంతరంగా ఉండాలి. అంచు రాయికి తాకగానే కుడిచేత్తో కాడను మెల్లగా కిందికి దించుతూ పోవాలి. ఆ దించడంలోనే ఉంది అసలు కళ. దించితే అంచు వెనక భాగం 10 డిగ్రీలో, 12 డిగ్రీలో వెనక్కి తగ్గుతుంది, అప్పుడు కోత అంచు ఒక్కటే ప్లేటును ముట్టుకుంటుంది. దించకపోతే అంచు వెనక మడమ ఆనుకుని బిట్టు రుద్దుతుందే తప్ప దిగదు. మరీ ఎక్కువ దించితే అంచుకు వెనక ఆసరా లేక ముక్కలవుతుంది. తర్వాత బిట్టును అరచుట్టు తిప్పి రెండో అంచుకు అదే కొలతలో, అదే ఒత్తిడితో, అన్నే సార్లు చేయాలి.

రెండు అంచులూ సమానంగా వచ్చాయో లేదో గేజీ పెట్టి చూడొచ్చు. గేజీ లేనప్పుడు ప్లేటే చెబుతుంది. రెండు గాడుల్లోంచీ రెండు చిప్స్ జంటగా, ఒకే లావున మెలితిరుగుతూ పైకొస్తే పదును కుదిరినట్టు. ఒకవైపు పొడుగాటి చుట్ట, రెండోవైపు రజను రాలుతుంటే ఒక అంచే పనిచేస్తోంది. అలాంటి బిట్టు తన సైజుకన్నా పెద్ద బెజ్జం వేస్తుంది. ఎం10 ట్యాపుకు 8.5 బెజ్జం కావాలి. అది 8.8 అయిందంటే మర పట్టు తప్పుతుంది, బోల్టు బిగించినప్పుడు చేతికొస్తుంది. ఇన్‌స్పెక్షన్‌లో జాబ్ వెనక్కొస్తే పోయేది బిట్టు ధర కాదు, మొత్తం ప్లేటు.

ఇంకో మాట. హెచ్‌ఎస్‌ఎస్ బిట్టు రాయి మీద కాలిందని వెంటనే నీళ్లలో ముంచే అలవాటు మానాలి. కంటికి కనబడని పగుళ్లు వస్తాయి, రెండు బెజ్జాల తర్వాత అంచు ఊడుతుంది. గాలికి ఆరనివ్వాలి, లేదా అంతగా వేడెక్కకుండా తేలిగ్గా తాకించాలి. ముంచాల్సింది కార్బన్ ఉక్కును, అదీ వేడెక్కకముందే, మాటిమాటికీ. బిట్టు పొట్టిదయ్యేకొద్దీ గాడుల నడిమి మందం పెరుగుతుంది, కొన మధ్యలో ఉలి అంచు వెడల్పవుతుంది. ఆ అంచు కోయదు, లోహాన్ని పక్కకు నెడుతుంది. రాయి మూలతో ఆ మందాన్ని రెండువైపులా కొంచెం తీసేస్తే పాత బిట్టు మళ్లీ కొత్తదానిలా దిగుతుంది. ఇది చేయగలిగినవాళ్లు బాలానగర్‌లో ఇవాళ ఎంతమంది ఉన్నారంటే, పేర్లు చెప్పి వేళ్ల మీద లెక్కపెట్టగలను.

బాలానగర్‌లో కూడానా అని ఆశ్చర్యపోవద్దు. పనిముట్ల తయారీ నేర్పే కేంద్ర సంస్థ సీఐటీడీ 1968 నుంచి ఉన్నది ఇక్కడే. 1943లో మొదలైన ప్రాగా టూల్స్ సికింద్రాబాద్‌లో డ్రిల్ చక్‌లు, పనిముట్లకు సాన పెట్టే గ్రైండర్లు చేసి దేశమంతా అమ్మింది. దాని పేరున్న టూల్ గ్రైండర్లు పాత షెడ్లలో ఇంకా తిరుగుతున్నాయి. పదును విలువ తెలిసిన ఊరు మనది. అలాంటి ఊళ్లో రెండేళ్ల ఫిట్టర్ కోర్సు పూర్తిచేసిన కుర్రాడు మా దగ్గరికొచ్చి, మొద్దుబారిన బిట్టు చేతికిస్తే చెత్తడబ్బా కోసం చూస్తాడు. తప్పు వాడిది కాదు. "మీ ఐటీఐలో సాన పెట్టలేదా?" అంటే, "రికార్డుల బొమ్మ గీసినం సార్" అన్నాడు ఒకడు. రాయి దగ్గరికి పంపితే వేళ్లు తెగుతాయని భయం, బిట్లు పాడవుతాయని పొదుపు. ఆ పొదుపు చేసిన బిట్లు కూడా టెండరులో అందరికన్నా తక్కువ కోట్ చేసినవాడి నుంచి వచ్చినవే. కోయని బిట్టుతో బెజ్జం వేయడం నేర్చుకున్నవాడికి తప్పు తన చేతిదో, ఉక్కుదో ఎలా తెలుస్తుంది?

నాతో వాదించేవాళ్లు ఉన్నారు. పక్క షెడ్డాయన అంటాడు, "అన్నా, కుర్రాడి పది నిమిషాల కూలి లెక్క కడితే కొత్త బిట్టే చవక కదా" అని. చిన్న సైజుల్లో ఆయన మాట నిజం. ఐదు ఎం.ఎం. లోపు బిట్టుకు చేత్తో సాన పెడుతూ కూర్చోవడం పనిలేని పని, విరిగేదాకా వాడి పక్కన పడేయాలి. కానీ పది, పన్నెండు, ఇరవై ఎం.ఎం. బిట్ల విషయంలో ఆయన లెక్క తప్పు. చెయ్యి తిరిగినవాడికి పది నిమిషాలు పట్టదు, రెండు నిమిషాల పని. చెయ్యి తిరగనివ్వకుండా పది నిమిషాలు పడుతుందనడం ఏం న్యాయం?

పక్కన పడేయడం అన్నాను కదా, అదీ ఎక్కడపడితే అక్కడ కాదు. ప్రపంచంలో టంగ్‌స్టన్‌లో సింహభాగం చైనాలోనే తవ్వుతారు. 2025 ఫిబ్రవరిలో ఆ దేశం టంగ్‌స్టన్, మాలిబ్డినం ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. అదే నెలలో కోబాల్ట్ ఎక్కువగా దొరికే కాంగో కూడా ఎగుమతులు ఆపింది. మనం మాత్రం ఆ లోహాలు ఉన్న పాత బిట్లను మైల్డ్ స్టీలు తుక్కులో కలిపి, కిలోల లెక్కన ఇనుము రేటుకు అమ్ముకుంటున్నాం. తుక్కు కొనేవాడికి తెలుసు, వేరుగా ఏరి ఎక్కువ రేటుకు అమ్ముకుంటాడు. మా షెడ్డులో విరిగిన బిట్లకు, ట్యాపులకు విడిగా ఒక డబ్బా ఉంది.

అధికారులకు నేను చెప్పేది రెండు విషయాలు. ఐటీఐలకు, పాలిటెక్నిక్‌లకు, ప్రభుత్వ వర్క్‌షాపులకు బిట్లు కొనే టెండరులో "హెచ్‌ఎస్‌ఎస్ డ్రిల్ బిట్లు" అని రాసి వదిలేయకండి. ఉక్కు రకం ఎం2 అని, కొలత డిన్ 338 అని, కరుకుదనం రాక్‌వెల్ సి మీద 63కు తగ్గకూడదని రాయండి. వచ్చిన సరుకులోంచి ఎవరికీ చెప్పకుండా నాలుగు బిట్లు తీసి, పది ఎం.ఎం. మందం ప్లేటు మీద సరైన వేగంతో, కూలెంట్‌తో బెజ్జాలు వేయించండి. పదును పోయేదాకా ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి, బిల్లును ఆ లెక్కతో భాగించి చూడండి. తక్కువ కోట్ చేసినవాడు ఎవరో అప్పుడు తేలుతుంది.

రెండోది పరీక్ష. ఫిట్టర్ కోర్సు చివర ప్రతి కుర్రాడికీ, ప్రతి అమ్మాయికీ కొన మొద్దుబారిన పన్నెండు ఎం.ఎం. బిట్టు ఒకటి ఇవ్వండి. కళ్లద్దాలు పెట్టించండి, చేతి గ్లవ్స్ తీయించండి. తిరిగే రాయి దగ్గర, తిరిగే చక్ దగ్గర గ్లవ్స్ ప్రమాదం. పదిహేను నిమిషాలు టైమివ్వండి. సాన పెట్టిన బిట్టుతో వాళ్లే ప్లేటుకు బెజ్జం వేయాలి, వర్నియర్ పెట్టి వాళ్లే కొలిచి చూపించాలి. 12.2 దాటితే మార్కులు కోయక్కర్లేదు, మళ్లీ రాయి దగ్గరికి పంపండి.